చవక ఇంజన్ ఎప్పుడు చవక? ఉద్దానం తోటల్లో చిన్న మిషన్ల సంగతి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే ఉద్దానంలోని మా తోటలో నిలబడ్డ చెట్ల కంటే పడిపోయినవే ఎక్కువ. జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కొబ్బరిచెట్లు కొన్ని నడిమికి విరిగాయి, కొన్ని ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. ఇంటి ముంగిట్లోంచి రోడ్డెక్కాలంటే పనసమాను ఎక్కి దిగాలి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆ వారమంతా ఊరూరా వెతికిన వస్తువు పెట్రోలు రంపం.

నేనూ ఒకటి కొన్నాను. అడిగినంత ధర ఇచ్చాను. రంపం ఎలా పట్టుకోవాలో దుకాణంలో చూపించారు గాని పెట్రోల్లో ఆయిలు ఎంత కలపాలో చెప్పలేదు. నేనూ అడగలేదు. “లీటరుకి ఓ మూత ఏసీండి, సరిపోద్ది” అన్నాడు పక్కన నిలబడ్డ పెద్దాయన. ఆ మూతే వేశాను. రెండో రోజు మధ్యాహ్నం, కొబ్బరి మొద్దు సగం కోశాక రంపం గొంతు మారింది. సన్నగా, పైస్థాయిలో అరిచింది. జోరందుకుందనుకున్నాను. నిమిషం తిరక్కుండా ఆగిపోయింది. తాడు లాగితే కదల్లేదు.

కాశీబుగ్గలో మెకానిక్ దాన్ని విప్పి పిస్టన్ నా చేతిలో పెట్టాడు. ఒక వైపు నున్నగా, మెరుస్తూ ఉంది. పొగ బయటికి పోయే వైపు మాత్రం గోళ్లతో గీరినట్టు నిలువు గీతలు. కరిగిన అల్యూమినియం రింగు మీదికి పాకి, రింగుని దాని గాడిలోనే అతికించేసింది. “ఆయిలు ఎంత కలిపినారు బాబూ?” అన్నాడు. మూత అన్నాను. ఆయన ఆ మూతను నీళ్లతో నింపి, ఆ నీళ్లు సిరంజిలోకి లాగి చూపించాడు. 8 మిల్లీలీటర్లు. ఆ రంపానికి లీటరుకు 40 కావాలి.

అప్పటి నుంచి ఎవరు చిన్న మిషను కొంటున్నామన్నా ఆగి రెండు మాటలు చెబుతున్నాను. పలాస, టెక్కలి, మందస, వజ్రపుకొత్తూరు, కవిటి చుట్టూ తోటలున్న ఇళ్లలో ఇప్పుడు గడ్డికోత మిషనో, మందు కొట్టే పవర్ స్ప్రేయరో, రంపమో ఏదో ఒకటి కనిపిస్తుంది. అన్నీ అరచేతిలో పట్టే సిలిండర్ల మీద నడిచేవే. వీటిని ఎలా ఎంచుకోవాలో, ఎలా కాపాడుకోవాలో తెలుగులో ఒకచోట దొరకదు. పెట్టెలో వచ్చే పుస్తకం ఇంగ్లిషులోనో చైనా భాషలోనో ఉంటుంది. అందుకే ఈ విషయమంతా ఒకసారి మొదటి నుంచి చూద్దాం.

రెండు స్ట్రోకుల ఇంజన్ మనకు కొత్తది కాదు. కొబ్బరికాయల బస్తాలనూ చేపల బుట్టలనూ ఏళ్ల తరబడి మోసిన టీవీఎస్ ఎక్సెల్ సూపర్ 70 సీసీ టూ స్ట్రోక్ బండే. బంకులో పెట్రోలు కొట్టించాక ‘టూ టీ ఆయిలు’ పోయించుకోవడం అందరికీ అలవాటుగా ఉండేది. 2015లో ఎక్సెల్ 100 ఫోర్ స్ట్రోకుగా వచ్చింది. లూనాలు, ఆర్ఎక్స్ 100లు, పాత ఆటోలు రోడ్ల మీద తగ్గిపోయాయి. వాటితో పాటు ఆ అలవాటూ పోయింది. ఈనాటి పాతికేళ్ల కుర్రాడికి పెట్రోల్లో ఆయిలు కలపడమంటే వింత. తోటలో మిషన్లు పెరుగుతున్న కాలంలోనే వాటి గురించిన తెలివి ఊళ్లోంచి వెళ్లిపోతోంది. కాశీబుగ్గ, టెక్కలి బజార్లలో వాటిని చక్కగా విప్పి బిగించగలిగిన మెకానిక్కులు ఆ పాత బళ్ల మీద చెయ్యి తిరిగినవాళ్లే.

ఆయిలు ఎందుకు కలపాలో తెలిస్తే ఎంత కలపాలో మరిచిపోం. ఫోర్ స్ట్రోకు ఇంజనుకు అడుగున ఆయిలు తొట్టి ఉంటుంది. టూ స్ట్రోకుకు ఆ తొట్టి లేదు. గాలీ పెట్రోలూ ముందు పిస్టన్ కింద ఉన్న గదిలోకి వస్తాయి, అక్కడి నుంచి పక్క దారుల్లో సిలిండర్లోకి ఎక్కుతాయి. ఆ దారిలోనే బేరింగులు, కనెక్టింగ్ రాడ్డు, పిస్టన్ గోడలు ఉన్నాయి. పెట్రోల్లో కలిసి వచ్చిన ఆయిలు తడి తప్ప వాటికి వేరే ఆధారం లేదు. తిరిగిన ప్రతి చుట్టుకీ ఒకసారి మండుతుంది కాబట్టి ఇంత చిన్న ఇంజన్ అంత బలం ఇస్తుంది. వేడీ అంతే త్వరగా పెరుగుతుంది. పొగ రంధ్రం వైపు పిస్టన్ అన్నిటికంటే ఎక్కువ కాలుతుంది. గీతలు అక్కడే పడడానికి కారణం అదే.

లెక్క సులువు. పుస్తకంలో 25:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిలు, 40:1 అంటే 25, 50:1 అంటే 20. ఏ మిషనుకు ఏ లెక్కో దాని పుస్తకంలోనే చూడాలి, పక్కింటి మిషను లెక్క పనికిరాదు. మూతలూ అందాజులూ వదిలేసి మందుల షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి డబ్బాకు దారంతో కట్టుకోండి. ముందు సగం పెట్రోలు, తర్వాత ఆయిలు, మిగతా పెట్రోలు పోసి డబ్బా బాగా ఊపాలి. మిషను ట్యాంకులోనే నేరుగా కలిపితే ఆయిలు అడుక్కి దిగి మొదటి పది నిమిషాలు పొగ కక్కుతుంది, తర్వాత పొడి పెట్రోలు మీద నడుస్తుంది. భయపడి రెట్టింపు ఆయిలు పోసేవాళ్లూ ఉన్నారు. లేకపోవడం కంటే అది మేలే గాని ప్లగ్గు నల్లబడుతుంది, సైలెన్సర్ బొగ్గుతో మూసుకుంటుంది.

ఆయిలు కొనేటప్పుడు డబ్బా వెనక అక్షరాలు చూడండి. జాసో ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని ఉన్నవి గాలితో చల్లబడే చిన్న ఇంజన్లకు తగినవి. టీసీ డబ్ల్యూ3 అని ఉన్నది నీటితో చల్లబడే పడవ ఇంజన్ల కోసం చేసింది. రెండూ టూ స్ట్రోకు ఆయిళ్లే అయినా పడవ ఆయిలు పోసి రంపం నడిపితే ఆ వేడికి అది తట్టుకోదు. కారు ఇంజన్ ఆయిలు, వాడేసిన నల్ల ఆయిలు అసలే వద్దు.

పెట్రోలు కూడా పాత పెట్రోలు కాదిప్పుడు. 2022 నాటికి 10 శాతం ఇథనాల్ కలిసింది. 2023 నుంచి 20 శాతం కలిపినది రావడం మొదలై ఇప్పుడు బంకుల్లో సాధారణమైపోయింది. ఇథనాల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం పక్కన మనకు తేమ ఏడాది పొడుగునా ఉంటుంది. నెలల తరబడి డబ్బాలోనో ట్యాంకులోనో ఉంచితే నీరూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగుతాయి. ట్యాంకు అడుగు గొట్టం తాగేది అదే. దానికి తోడు పాత రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్ లోపలి పల్చటి పొరలు ఇథనాల్‌కు గట్టిపడతాయి. ఇథనాల్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మంట కాస్త పలచనవుతుంది, వేడి పెరుగుతుంది. చెయ్యగలిగింది ఏమిటంటే నెలకు సరిపడా మాత్రమే కలుపుకోవడం, పని ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి ఇంజన్ దానంతటది ఆగేదాకా నడిపి పెట్టడం. నేను చూసిన చెడిపోయిన మిషన్లలో సగానికి పైగా జీడిపిక్కల కాలం అయ్యాక పెట్రోలుతోనే పక్కన పెట్టేసినవి.

ఇక కొనడం. మొదటి ప్రశ్న టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా. గడ్డికోతకూ మందు కొట్టడానికీ రెండూ వస్తున్నాయి. 35 సీసీ ఫోర్ స్ట్రోకు ఇంజన్లో పోసేది 100 మిల్లీలీటర్ల ఆయిలే. కలిపే బాధ లేదు, పెట్రోలు తక్కువ తాగుతుంది, చప్పుడూ తక్కువ. కాని ఆ 100 మిల్లీలీటర్లను మొదటి 10 గంటలకు ఒకసారి, తర్వాత 50 గంటలకోసారి మార్చాలి. మరిచిపోతే దాని గతీ నా రంపం గతే. ధరా ఎక్కువే. నా మటుకు నేను, సొంత తోటలో ఇంటివాళ్లే నడిపేటట్టయితే ఫోర్ స్ట్రోకు గడ్డికోత మిషను కొనమంటాను. అద్దెకిచ్చే చోటా, నలుగురి చేతులు మారే చోటా ఆయిలు మార్పు ఎవరికీ గుర్తుండదు. అక్కడ టూ స్ట్రోకు కొని, కలిపిన పెట్రోలే డబ్బాలో ఇవ్వడం మంచిది. రంపానికి ఈ ప్రశ్న లేదు. దాన్ని ఎటు తిప్పినా, తలకిందులు చేసినా నడవాలి. పెట్రోలు రంపమంటే టూ స్ట్రోకే.

రెండో ప్రశ్న ధర అనుకుంటారు. నేను స్పేరు పార్టులు అంటాను. దుకాణంలో మిషను వెల అడిగే ముందు దానికి పిస్టన్ రింగు, కార్బొరేటర్ పొరల సెట్టు, స్టార్టర్ తాడు స్ప్రింగు, క్లచ్చు షూ ఈ నాలుగూ అక్కడే ఉన్నాయా అని అడగండి. బీరువా తీసి చూపిస్తే ఆ మిషను గురించి ఆలోచించండి. తెప్పిస్తామంటే పక్క దుకాణానికి వెళ్లండి. పేరున్న కంపెనీదైనా సామాను విశాఖ నుంచి వారానికి గాని రాదంటే, జీడిపూత మీద టీ దోమ వాలిన వారంలో అది మీకు దక్కని మిషనే. పేరు లేని చవక మిషనుకు కాశీబుగ్గలో ప్రతి ముక్కా దొరుకుతుందంటే అది కొనదగ్గదే. మార్కెట్లో ఎక్కువగా అమ్ముడయ్యే 43, 52 సీసీ నమూనాలు పది పేర్లతో వచ్చినా లోపలి ముక్కలు చాలామట్టుకు ఒకదానికొకటి సరిపోతాయి. పేదవాడి మిషనుకు ఇది పెద్ద బలం.

స్టిక్కరు మీది సీసీని, హార్స్‌పవర్‌ని నమ్మవద్దు. చేత్తో చూడగలిగిన పరీక్ష ఒకటుంది. స్విచ్చు ఆపి, స్టార్టర్ పిడి పట్టుకుని మిషనును నేల నుంచి జానెడు పైకి లేపండి. కంప్రెషన్ బాగుంటే తాడు మీద వేలాడుతూ మెల్లమెల్లగా, ఆగి ఆగి దిగుతుంది. సర్రున జారిందంటే రింగులో సిలిండరో అరిగింది. పాత మిషను కొనేవాళ్లు ఈ ఒక్కటి చూసినా చాలా మోసం తప్పుతుంది. తర్వాత సైలెన్సర్ విప్పించి పొగ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ చూడండి. నిలువు గీతలుంటే బేరం ఆడకండి, వచ్చేయండి.

ప్రభుత్వ రాయితీ మీద కొనేటట్టయితే ఇంకో ఆసరా ఉంది. 2014–15లో కేంద్రం మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద ఇచ్చే పరికరాలకు పరీక్షా నివేదిక అడుగుతారు. దక్షిణాదికి అలాంటి పరీక్షా కేంద్రం అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. గంటకు ఎంత ఇంధనం తాగింది, ఎంత అదిరింది, చప్పుడెంత అన్నవి అక్కడ కొలిచి రాస్తారు. నమూనా నంబరు చెప్పి ఆ నివేదిక చూపించమని డీలరును అడగవచ్చు. మన వైపు ఎవరూ అడగరు, అడగడం మొదలుపెట్టాలి.

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్లి ఈ ఇంజన్ల చిన్న తమ్ముడి సంగతి చెప్పాలి. రిమోట్‌తో నడిచే బొమ్మ ట్రక్కుల్లో నైట్రో ఇంజన్ అని ఒకటుంటుంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలు టెక్కలిలో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒకరిద్దరు దాన్ని చవకలో కొనవచ్చా అని నన్ను అడిగారు. రెండున్నర నుంచి మూడున్నర సీసీల ఇంజన్ అది, నిమిషానికి 30 వేల చుట్లు దాటి తిరుగుతుంది. తాగేది పెట్రోలు కాదు. మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిలు కలిపిన ఇంధనం. స్పార్క్ ప్లగ్గు ఉండదు. చుట్టలా చుట్టిన సన్నటి ప్లాటినం తీగె ఉన్న గ్లో ప్లగ్గును మొదట బ్యాటరీతో ఎర్రగా చేస్తారు, తర్వాత మిథనాల్ మంట దాన్ని ఆరనివ్వదు. ఆ ఇంధనంలో కలిపే ఆయిళ్లలో పాతదీ, ఇప్పటికీ వదలనిదీ మన ఆముదమే. ఎంత వేడెక్కినా లోహాన్ని వదలకుండా అంటిపెట్టుకుని ఉండే గుణం దానిది. క్యాస్ట్రాల్ అన్న పేరు ఆముదం ఇంగ్లిషు పేరు నుంచి వచ్చిందే.

దాని జాగ్రత్తలు వింటే మన తోట మిషను గురించి చెబుతున్నట్టే ఉంటుంది. కొత్తలో పిస్టన్ పై చివర బిగుతుగా తగులుతుంది. అది చెడిపోవడం కాదు, కొత్తదనం. మొదటి నాలుగైదు ట్యాంకులు ఇంధనం ఎక్కువ వదిలి, పొగ కక్కేలా, వేడెక్కిస్తూ చల్లారుస్తూ నడపాలి. సూది స్క్రూ బిగించిన కొద్దీ వేగం పెరుగుతుంది. ఆ ఆశకు ఇంకో పావు చుట్టు బిగిస్తే ఇంజన్ కాలిపోతుంది. ఇంజన్ తల మీద వేడి 120 డిగ్రీలు దాటనివ్వకూడదు. గాలి వడపోసే స్పాంజికి నూనె పట్టించకుండా ఇసకలో వదిలితే గంటలో అరుగుతుంది. మిథనాల్ తేమను పీలుస్తుంది కాబట్టి ఆట అయ్యాక ఇంధనం పూర్తిగా మండించి, లోపల నాలుగు చుక్కల నూనె వేసి తిప్పి పెట్టకపోతే బేరింగులు తుప్పు పడతాయి.

మరి కొనవచ్చా? ఇంజన్ చవకగా దొరకవచ్చు. తైవాన్, చైనా తయారీ 18, 21 సైజు నంబరు ఇంజన్లు మొదటివాళ్లకు చాలు. 1936 నుంచి ఒసాకాలో ఇంజన్లు చేస్తున్న ఓఎస్ లాంటి జపాన్ కంపెనీల ఇంజన్లు అక్కర్లేదు. కాని ఇంధనం చవక కాదు, సులువుగా రాదు. మిథనాల్ కొద్దిగా లోపలికి పోయినా చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. అందుకే దాని అమ్మకం మీద, నిల్వ మీద నియంత్రణ ఉంది. పిల్లలున్న ఇంట్లో అలమరాలో పెట్టుకునే సరుకు కాదది. ఆటే కావాలంటే బ్యాటరీ ట్రక్కు కొనుక్కోమన్నాను. ఇంజన్ నేర్చుకోవాలని ఉంటే మాత్రం ఇంకో దారి ఉంది. అసలు బండిలో ఐదో వంతు ఉండే పెద్ద బొమ్మ ట్రక్కుల్లో 23, 26 సీసీ పెట్రోలు టూ స్ట్రోకు ఇంజన్లు వాడతారు. వాటిలో పేరున్న జపాన్ జెనోవా ఇంజన్ పుట్టిల్లు గడ్డికోత మిషనే. కాబట్టి మీ నాన్న పక్కన పడేసిన గడ్డికోత మిషను విప్పి, శుభ్రం చేసి, మళ్లీ నడిపించు, నీ మొదటి ట్రక్కు ఇంజన్ అదేనన్నాను. అందులో ఒకడు నిజంగానే విప్పాడు. కార్బొరేటర్ పొర అప్పడంలా ఎండిపోయి ఉందట.

మళ్లీ తోటలోకి వద్దాం. ఉద్దానం నేల ఇసక నేల. గడ్డి కోసేటప్పుడు నడుమెత్తు దాకా లేచే ధూళిలో సన్నటి ఇసక ఉంటుంది. అది పిస్టన్‌కు గరుకు కాగితం. ఎయిర్ ఫిల్టర్ స్పాంజిని నెలకోసారి కాదు, పని చేసిన ప్రతి సాయంత్రం సబ్బునీళ్లలో పిండి ఆరబెట్టాలి, రెండు చుక్కల నూనె పట్టించి బిగించాలి. చిరిగిన ఫిల్టరుతో ఒక్క రోజు నడపడం కంటే ఆ రోజు కొడవలి పట్టడం నయం. మూత తీసి వేలు పెట్టి చూడండి, ఫిల్టరు లోపలి వైపు ధూళి తగిలితే ఎక్కడో సందు ఉన్నట్టే.

ఫిల్టరు సంగతి చాలామందికి తెలుసు. తెలియనిది సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కల సంగతి. ఆ రెక్కల మధ్య గాలి ఆడితేనే ఇంజన్ చల్లబడుతుంది. మా మిషను ఒకటి ఎండాకాలంలో పది నిమిషాలకే ఆగిపోతుండేది. ప్లగ్గు మార్చాం, పెట్రోలు మార్చాం. చివరికి పైన ప్లాస్టిక్ మూత విప్పితే రెక్కల సందులన్నీ జీడాకు పొడి, గడ్డి తుక్కు, నూనె కలిసి పిడకలా గట్టిపడి ఉన్నాయి. వెదురుపుల్లతో గీకి, బ్రష్‌తో తోమాం. ఆ సాయంత్రం నుంచి మళ్లీ ఆగలేదు.

ప్లగ్గు విప్పి రంగు చూడడం నేర్చుకుంటే సగం వైద్యం వచ్చినట్టే. బెల్లం పాకం రంగులో పొడిగా ఉంటే ఇంజన్ సుఖంగా ఉంది. సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, లేదా ఎక్కడో గాలి లోపలికి దూరుతోంది. వెంటనే ఆపాలి. నల్లగా, తడిగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువైంది, లేదా ఫిల్టరు మూసుకుపోయింది. ప్లగ్గు సందు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. కార్బొరేటర్ మీది స్క్రూలను మాత్రం ఊరికే తిప్పకండి. తిప్పక తప్పకపోతే చెవితో తిప్పండి. రంపం ఖాళీగా పూర్తి వేగంలో ఉన్నప్పుడు గొంతులో కాస్త గరగర ఉండాలి, కర్రలోకి దించగానే ఆ గరగర పోయి గొంతు విచ్చుకోవాలి. ఖాళీగా ఉన్నప్పుడే ఈల వేసినట్టు సన్నగా అరుస్తుంటే అది నా రంపం చివరిసారి అరిచిన అరుపు.

రంపం పళ్ల పదును కూడా ఇంజన్ సంగతే. కొబ్బరిమాను పైపొర గట్టిది, పళ్లను త్వరగా మొద్దుబారుస్తుంది. జీడికర్ర బంక గొలుసుకు అంటుకుంటుంది. పదునున్న రంపం పేళ్లు రాలుస్తుంది, మొద్దుబారినది పిండి రాలుస్తుంది. పిండి కనిపించగానే ఆపి ఆకురాయి పట్టాలి. మనం చేసేది బలంగా నొక్కి, పూర్తి వేగం ఇవ్వడం. ఇంజన్ కాలేది అప్పుడే, రంపం వెనక్కి ఎగిరి మనిషిని కొట్టేదీ అప్పుడే. ఒరిగి, ఒత్తిడిలో ఉన్న చెట్టును కొత్తవాళ్లు కొయ్యకూడదు. తుపాను తర్వాత పడిన చెట్లన్నీ అలాంటివే.

సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలి వేరే శత్రువు. మంచినీళ్లపేట, నువ్వలరేవు, బారువ, భావనపాడు వైపు ఆరుబయట ఉంచిన మిషను అల్యూమినియం మీద తెల్లటి పొడి లేస్తుంది, సైలెన్సర్ బోల్టులు తుప్పుపట్టి విరుగుతాయి. ఇసక మీదికి లాగి పెట్టే ఫైబర్ తెప్పల ఇంజన్లు రోజూ దీన్నే భరిస్తాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట విరామం ఉంటుంది. ఆ విరామానికి ముందు ఇంజన్ను మంచినీళ్లతో కడిగి, ఇంధనం తీసేసి, నూనె పట్టించి నీడలో కప్పి పెట్టిన మత్స్యకారుడికి జూన్ 15 ఉదయం మెకానిక్ అక్కర్లేదు. తోటల వాళ్లం వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది ఇదే. మన విరామం పిక్కలు అయిపోయాక మొదలవుతుంది.

బ్యాటరీ మిషన్లు వచ్చేశాయి కదా, ఇదంతా ఎందుకని అడగవచ్చు. కూరగాయల మడికీ, చిన్న మొక్కలకూ 12 వోల్టుల బ్యాటరీ స్ప్రేయర్ చాలు. చప్పుడు లేదు, ఆయిలు లేదు, ఆడవాళ్లు కూడా సులువుగా నడుపుతున్నారు. అది సరిపోయే చోట పెట్రోలు మిషను కొనడం దండగ. పెద్ద జీడిచెట్టు కొమ్మల మీదికి మందు చేరాలంటే మాత్రం ఇప్పటికీ ఇంజన్ బలమే కావాలి. తుపాను తర్వాత కరెంటు రాని వారం రోజులు బ్యాటరీ రంపం ఏం చెయ్యలేదు. మన తీరానికి పైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ అక్టోబరులోనే వచ్చాయి. 2013, 2014, 2018. పెట్రోలు ఇంజన్ను నడిచే స్థితిలో ఉంచుకోవడం మనకు సరదా కాదు.

ఇంకొక్క మాట. ఇది ఇంజన్ను గురించి కాదు, మోసే మనిషిని గురించి. నిండా మందుతో పవర్ స్ప్రేయర్ బరువు 30 కిలోలకు దగ్గరగా ఉంటుంది. గడ్డికోత మిషను అదురుకు సాయంత్రానికి చేతులు తిమ్మిరెక్కుతాయి, భుజాలు లాగుతాయి. ఆ నొప్పికి మన కూలీలు చేసేది కిరాణా కొట్టులో మాత్ర కొని మింగడం. ఉద్దానాన్ని ఏళ్లుగా పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు మూలకారణం ఇంకా తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో వచ్చాయి. కారణం ఏదైనా, నొప్పి మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయన్నది ఏ డాక్టరునడిగినా చెప్పే మాట. ఎండలో నీళ్లు తాగకుండా పనిచేసిన ఒంటికి మరీ ప్రమాదం. అందుకే మిషను కొనేటప్పుడు వెన్నుకు మెత్త, భుజానికి వెడల్పాటి పట్టీ, పిడికి అదురు తగ్గించే రబ్బరు ఉన్నాయా అని చూడండి. 500 రూపాయలు ఎక్కువైనా వాటి కోసం ఇవ్వండి. గంటకోసారి చేతులు మార్చండి, నీళ్ల సీసా మిషనుతో పాటే తీసుకెళ్లండి, పని ఎండ ముదరకముందే ముగించండి. పెట్రోలును గొట్టం పెట్టి నోటితో పీల్చవద్దు.

పలాస, టెక్కలి దుకాణదారులకు నాదొక విన్నపం. మిషను అమ్మేటప్పుడు ఇంధనం ట్యాంకు మీద తెలుగులో ఒక స్టిక్కరు అంటించండి. ‘లీటరు పెట్రోలుకు ఇన్ని మిల్లీలీటర్ల ఆయిలు’ అని ఒక్క వాక్యం చాలు. దానితో పాటు ఒక సిరంజి చేతిలో పెట్టండి. దాని ఖరీదు పది, ఇరవై రూపాయలు. నా రంపానికి పిస్టను, సిలిండరు మార్చడానికి కొన్న ధరలో మూడో వంతు అయింది.